తువ్వాలు కింద రెండు వేళ్లు

మదనపల్లెలో నేను ఖాళీ చేసి వచ్చిన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి పోయిన వారం నాకు ఫోన్ చేసింది. "అక్కా, మీ సొరుగులో ఒక పాత తువ్వాలు ఉంది. ఎర్ర అంచుది. పశువుల వాసన వస్తోంది. పారేయమంటారా?" అని అడిగింది. వద్దన్నాను. ఎందుకంది. ఫోన్‌లో వివరంగా చెప్పడం నాకు చేతకాదు. ఎదురుగా చెప్పడం అంతకన్నా చేతకాదు. రాసి పంపుతానన్నాను.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయవలసింది రిటైరైనవాళ్లు. నాకు దానికింకా ముప్పై ఏళ్లుంది. కానీ ఆ ఆస్పత్రి గదిలో ఆరేళ్లు పనిచేసి కుప్పం వచ్చేశాను కాబట్టి, ఆ ఒక్క గది మేరకు రిటైరైనదాన్నే. ఆ ఆరేళ్ల డైరీలు నా దగ్గరున్నాయి. వాటిలో చాలా పేజీలు వాతావరణం గురించీ చదువుతున్న పుస్తకాల గురించీ ఉంటాయి. ఈ తువ్వాలు గురించిన పేజీలు మాత్రం పేషెంటు గురించి మొదలై నా గురించి ముగుస్తాయి. ఫోన్ చేసిన చెల్లీ, నీకూ, నీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లకూ పనికొస్తాయనే రాస్తున్నాను. పేర్లు రాయను.

మన పని నీకు తెలిసిందే అయినా, దీన్ని మరెవరైనా చదివితే అర్థం కావాలి కదా. చేతి నరం తెగినవాళ్లకు సర్జన్ కుట్లు వేసి, కట్టు విప్పాక, స్పర్శ తిరిగి తెచ్చుకోవడానికి మన గదికి పంపుతారు. కుట్టినంత మాత్రాన నరం పనిచేయదు. మణికట్టు నుంచి వేలి కొస దాకా మళ్లీ మొలుచుకుంటూ పోవాలి. నెలలు పడుతుంది. పోనీ మొలిచిన పోగులన్నీ పాత చోటికే చేరతాయా అంటే చేరవు. చూపుడువేలికి పోవలసింది దారి తప్పి నడిమివేలికి పోతుంది. పేషెంట్లకు నేను మదనపల్లె బస్టాండు లెక్కన చెప్పేదాన్ని. పలమనేరు బస్సుకు పుంగనూరు బోర్డు పెట్టేశారు. బోర్డు మనం మార్చలేం. ఏ బోర్డు పెట్టుకుని ఏ బస్సు వస్తోందో ప్రయాణికుడే నేర్చుకోవాలి. ఆ ప్రయాణికుడు మన మెదడు. అందుకే వేలిని చూస్తూ తాకడం, కళ్లు మూసుకుని తాకడం, కళ్లు తెరిచి సరిచూసుకోవడం. దూది, గోనెపట్ట, గుండీ, తాళంచెవి. రోజుకు నాలుగైదు సార్లు, కొంచెం కొంచెం సేపు. చూసేవాళ్లకు ఆటలా ఉంటుంది. చేసేవాళ్లకు విసుగు.

ఆయన మామిడికాయల కాలంలో వచ్చాడు. పుంగనూరు దగ్గరి పల్లె. యాభై అయిదు దాటిన మనిషి, తెల్లటి మీసం, భుజం మీద ఎర్ర అంచు తువ్వాలు. గడ్డి కత్తిరించే మిషన్ బ్లేడు కుడి మణికట్టు మీద పడింది. బొటనవేలికీ, చూపుడువేలికీ, నడిమివేలికీ, ఉంగరంవేలి లోపలి సగానికీ స్పర్శనిచ్చే నరం పూర్తిగా తెగిపోయింది. సర్జన్ కుట్టి ఆరువారాలైంది. కుర్చీలో కూర్చుని, ఆ చేతిని బల్ల మీద పెట్టి, దాన్ని వేరే ఎవరిదో అన్నట్టు చూస్తూ అడిగాడు.

"ఏమ్మా, ఈ చెయ్యి మళ్లా మాట్లాడతాదా?"

నేను బల్ల వైపే చూస్తూ, "పని చేస్తుందా అని కదండీ?" అన్నాను.

"పని ఎట్లయినా చేస్తాదిలే. మాట్లాడాల."

ఆయన పశువుల సంతలో దళారి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బేరం కుదిర్చేది ఆయనే. ఆ బేరం నోటితో జరగదు. దళారి తన కుడిచేతి మీద తువ్వాలు కప్పుతాడు. అమ్మేవాడు దాని కిందికి చెయ్యి పెట్టి దళారి వేళ్లు పట్టుకుంటాడు. చూపుడువేలు ఒక్కటే పట్టుకుంటే ఒకటి. దానితోపాటు నడిమివేలూ పట్టుకుంటే రెండు. ఉంగరంవేలు కూడా కలిస్తే మూడు, చిటికెనవేలు కలిస్తే నాలుగు, మొత్తం చెయ్యి పట్టుకుంటే అయిదు. మొదటి పట్టు పదివేల లెక్కన పెద్ద అంకె, రెండో పట్టు వెయ్యి లెక్కన చిన్న అంకె. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఎంత అడిగారో ఎవరికీ తెలియదు. దళారి అక్కడి నుంచి కొనేవాడి దగ్గరికి పోయి మళ్లీ తువ్వాలు కప్పుతాడు. చివరికి తువ్వాలు తీసి ధర పైకి చెప్పాడంటే, ఆ మాట ఇక తిరగదు.

"ఎడమచెయ్యితో అలవాటు చేసుకోవచ్చు కదండీ?" అన్నాను.

"ఎడమచెయ్యి ఇస్తే ఎవురు పడతారుమ్మా? మొగాన ఉమ్మేసినట్టు సూస్తారు."

"పోనీ నోటితో?"

"నోటితో చెప్తే పక్కనోడు ఇంటాడు. పక్కనోడు ఇంటే బేరం సచ్చిపోతాది. ముప్పై ఏండ్లు నేను నోటితో అడిగింది లేదు. పెండ్లిసూపుల్లో మా ఇంటామె నన్ను మూగోడనుకునిందంట." అని, మళ్లీ చేతి వైపు చూసి, "ఆమె అనుకునిందే ఇప్పుడు నిజమయ్యేట్టుండాది," అన్నాడు.

ఆ రోజు డైరీలో ఇదంతా రాసుకున్నాను. బొమ్మ కూడా వేసుకున్నాను. అంతవరకే. తర్వాతి వారం నుంచి మామూలు చార్టు, మామూలు దూది. ఆయన చెప్పినదాన్ని నేను కథలా విన్నాను. అది నాకు చేయవలసిన పనిని చెబుతోందని తోచలేదు. ఇది నా మొదటి తప్పు. కొంచెం చదువు ఎక్కువైనవాళ్లకు వచ్చే తప్పు.

ఆయన మాత్రం శ్రద్ధగా చేశాడు. ఒకసారి చూపుడువేలి కొసన బొబ్బతో వచ్చాడు. స్టీలు గ్లాసులో వేడి టీ పట్టుకున్నాడు, కాలిన సంగతి చర్మం మీద చూశాక తెలిసింది. ఆ తర్వాత గ్లాసు ఎడమచేత్తో పట్టుకునే అలవాటు చేయించాను. దీపావళి నాటికి వేళ్లలో చీమలు పాకినట్టు మొదలైంది. చలికాలంలో దూదికీ గోనెపట్టకూ తేడా చెప్పాడు. నాకు ఎంత సంతోషమంటే, డైరీలో ఆ రోజు వాతావరణం రాయడం మరిచిపోయాను.

తర్వాత ఏ వేలు తాకానో చెప్పే పరీక్ష. ఆయన కళ్లు మూసుకుంటాడు. నేను పెన్సిలు మొద్దు కొసతో వేలిని తాకుతాను. ఆయన చెబుతాడు, నేను చార్టులో రాస్తాను. నాలుగు వారాలు చేశాను. మొదట్లో తప్పులు, తర్వాత తగ్గాయి, ఆఖరి వారంలో ఒక్కటీ లేదు. సున్నా తప్పుల చార్టు ఆ గదిలో అంతకుముందు ఎవరికీ రాలేదు. దాన్ని మా సీనియర్ మేడం దగ్గరికి తీసుకుపోయాను.

మేడం గురించి రెండు మాటలు. ఆమె నా కంటే ఇరవై ఏళ్లు ముందు ఆ గదిలోకి వచ్చింది. పొద్దున ప్రార్థన ముగించుకుని ఓపీకి వచ్చేది, బైబిలు పక్కన చార్టులు పెట్టుకుని రెండింటినీ ఒకే కళ్లద్దాలతో చదివేది. ఎవరినీ గట్టిగా అనేది కాదు. ఆమె నా చార్టు చూసి, "మార్చి మార్చి అడిగినావా?" అంది.

ఆ ప్రశ్న నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఏం మార్చాలో తెలియలేదు. అడిగితే తెలిసేది. కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. ఎవరైనా పెద్దవాళ్లు ఏదైనా అడిగితే, అర్థమైనా కాకపోయినా తల ఊపేస్తాను. ఊపాను. మేడం సంతకం పెట్టింది. నేను గదిలోకి వచ్చి, "ఇంక సంతకు పోవచ్చండీ," అన్నాను. ఆయన లేచి నిలబడి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నాకు రెండు చేతులతో దండం పెట్టాడు. నేను కిందికి చూశాను.

మంగళవారం ఆయన మా దగ్గరికి వచ్చే రోజు. తర్వాతి మంగళవారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బాగైపోయాడు, ఇంకెందుకు వస్తాడనుకున్నాను.

వారానికొకసారి పుంగనూరులో మాకు క్యాంపు ఉండేది. జీపులో పోయేవాళ్లం. మా డ్రైవరుది పుంగనూరే. మాట్లాడకుండా అయిదు నిమిషాలు ఉండలేని మనిషి. నేను మాట్లాడను కాబట్టి నా పక్కన కూర్చుంటే అతనికి చాలా వీలుగా ఉండేది. ఆ రోజు ఊరు దాటగానే మొదలుపెట్టాడు.

"మన చెయ్యి ఆసామి సంతలో పరువు పోగొట్టుకున్యాడుమా. నీకు తెల్దా?"

తెలియదని తల అడ్డంగా ఊపాను.

"శాంతిపురం కాడ్నించి ఒకాయన ఆవును తోలుకొచ్చినాడు. మన ఆసామికే చెయ్యి ఇచ్చినాడు. పెద్ద అంకె ఈయన బాగానే పట్టినాడు. చిన్న అంకె రెండు వేళ్లు పట్టుకుంటే ఈయన ఒగటని పోయినాడు. కొనేవోని కాడ కుదిర్చి, తువాలు తీసి పైకి చెప్పేసినాడు. ఆయప్ప లబోదిబోమన్యాడు. ఇంగేముంది, చెప్పిన మాట చెప్పినట్టే. ఆవు ఎళ్లిపాయ."

"తర్వాత?"

"తేడా ఈయనే ఇచ్చుకున్యాడు. అది పెద్దది కాదులే. మళ్లా వారం పోతే ఒక్కడన్నా ఈయన తువాలు కిందికి చెయ్యి పెట్టలేదు. ఒకడైతే, 'ఏమన్నా, నీ చెయ్యిని యాడన్నా అమ్మేసినావా, దానికెంత పలికె' అన్యాడంట. ఆ పొద్దు ఇంటికి పోయినోడు మళ్లా రాలేదు."

జీపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సున్నా తప్పుల చార్టు ఇంకా నా బల్ల మీదే అద్దం కింద ఉంది.

క్యాంపు అయ్యాక డ్రైవరును ఆ పల్లెకు పోనివ్వమన్నాను. ఆరేళ్లలో నేను అతన్ని అడిగిన మొదటి పని అదేననుకుంటాను. ఆశ్చర్యంతో అతను దారంతా నోరెత్తలేదు.

దళారి తన పశువుల కొట్టంలో ఉన్నాడు. పొట్టి ఆవు ఒకటి, దాని పక్కన దూడ. ఎడమచేత్తో దూడ గంగడోలు నిమురుతున్నాడు. కుడిచెయ్యి ఒడిలో ఉంది. నన్ను చూసి లేచాడు.

"నువ్వు యాల వచ్చినావుమ్మా ఇంత దూరం? నీ తప్పేం లేదు."

"నా పరీక్షలో ఒక్క తప్పు కూడా రాలేదు కదండీ," అన్నాను.

ఆయన దూడ మెడ నిమురుతూ మెల్లగా చెప్పాడు. "నువ్వు ఎప్పుడూ బొటనవేలుతో మొదలుపెడతావు. తర్వాత చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు. మళ్లా ఎనక్కి వస్తావు. ఎనక్కి తిరిగే ముందర ఊపిరి పీలుస్తావు. చిటికెనవేలు కాడికి పోవాలంటే నీ చెయ్యి చాపాల గదా, గాజులు సప్పుడవతాయి."

చార్టులో అచ్చు వేసిన వరుసలోనే నాలుగు వారాలూ తాకాను. ఎదుటివాడి మనసులో ఏముందో ఊపిరిని బట్టి, గాజుల చప్పుడును బట్టి పసిగట్టి బతికిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని. నేను ఆయన వేళ్లను చదువుతున్నాననుకున్నాను. నాలుగు వారాలూ ఆయనే నన్ను చదివాడు.

"మోసం చేయాలని గాదుమ్మా," అన్నాడు. "కొన్ని తెలిసేవి. కొన్ని తెలిసేవి గావు. తెలీనప్పుడు తెల్దని చెప్పేది మాకు అలవాటు లేదు. సంతలో దళారి తెల్దన్యాడంటే ఆ పొద్దుటితో సరి. అందుకే ఊహించేసినా. నీ కాడ సరిపోయింది, ఆడ సరిపోలేదు."

ఆయన ఇంటామె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, "తిట్టమ్మా, బాగా తిట్టు. నేను తిడితే పలకడు," అంది.

మరుసటి రోజు పొద్దున మేడం ముందు నిలబడి జరిగింది చెప్పాను. ముఖ్యంగా ఆ తల ఊపిన సంగతి. ఎంత కష్టపడి చెప్పానో నాకు తెలుసు. "మార్చి మార్చి అంటే ఏమిటో అప్పుడు అర్థం కాలేదు మేడం," అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తిడుతుందని నిలబడ్డాను. ఆమె నా చార్టు తీసుకుని, స్కేలు పెట్టి, 'సరి', 'తప్పు' అనే రెండు గడుల పక్కన ఎర్ర పెన్నుతో మూడో గడి గీసింది. దాని మీద 'తెలియలేదు' అని రాసింది.

"ఇది లేకుండా ఇరవై ఏండ్లు వాడినాం," అంది. "నేను కూడా సంతకం పెట్టినాను కదా. పో, ఆయన్ని పిలుచుకునిరా."

ఆయన రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చినప్పుడు నేను ముందుగా గాజులు తీసి సొరుగులో పెట్టాను. ఆయన నవ్వాడు. తర్వాత, "మీ తువ్వాలు ఇవ్వండి," అన్నాను.

"యాల?" ఎందుకన్నట్టు చూశాడు.

"దాని కిందే పరీక్ష."

ఇద్దరం సిగ్గుపడ్డాం. ఆడపిల్ల సంతలో మగవాళ్లలా తువ్వాలు కింద చెయ్యి పెట్టడమేమిటని ఆయనకు. పెన్సిలు కొసతో తాకడం తప్ప ఎవరి చేతినీ గట్టిగా పట్టుకోని నాకు నా మామూలు కారణాలు. చివరికి డ్రైవరును పిలిపించాం. అతను మధ్యలో కుర్చీ వేసుకుని సంత దళారిలా గొంతు మార్చి, "రండప్పా రండి, ఆస్పత్రి ఆవు, మూడీతలది, పాలకు కొదవలేదు," అని అరవడంతో పక్క గదిలో నర్సులు కూడా వచ్చి చూశారు. నవ్వులో సిగ్గు కొంచెం పోయింది. నేను చెయ్యి పెట్టాను.

మూడు, నాలుగు, అయిదు ఆయన ఎప్పుడూ తప్పలేదు. ఉంగరంవేలి బయటి సగం, చిటికెనవేలు తెగిన నరానివి కావు. చిక్కంతా ఒకటికీ రెండుకూ మధ్యే. చూపుడువేలు పట్టుకుంటే నడిమివేలు కూడా పట్టుకున్నట్టుండేది. రెండూ పట్టుకుంటే ఒకటే బరువుగా అనిపించేది. నేను పెన్సిలుతో నాలుగు వారాలు వెతికినా దొరకనిది తువ్వాలు కింద మొదటి పూటే దొరికింది.

ఇక వరుస సంగతి. నా మనసులోంచి ఏ వరుస వచ్చినా ఆయన పట్టేస్తాడు. అందుకని నా సంచిలోంచి నవల తీశాను. పని మధ్యలో నవల చదువుతానని ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆ రోజు తెలిసిపోయింది. కళ్లు మూసుకుని పుస్తకం తెరుస్తాను. వేలు పడిన వరుసలో మాటలు లెక్కపెట్టి, సరి సంఖ్య అయితే రెండు వేళ్లు, బేసి అయితే ఒకటి పట్టుకుంటాను. ఆయన ఊహించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ముందు తువ్వాలు తీసి, చూస్తూ. "ఇది ఒకటి. ఇట్లా ఉంటుంది ఒకటి," అని ఆయనే పైకి అనుకోవాలి. తర్వాత తువ్వాలు కప్పి. తర్వాత తీసి సరిచూసుకోవాలి. ఇంట్లో ఆయన ఇంటామె పట్టుకునేది. "ముప్పై ఏండ్ల తర్వాత నాకు చెయ్యి ఇస్తాండాడు, అది గూడా తువాలు కింద," అని ఆమె ఊరంతా చెప్పిందట.

మొదటి నెల ఎర్ర గడి నిండిపోయింది. తెలియలేదు, తెలియలేదు. ప్రతిసారీ ఆ మాట అనడానికి ఆయన మీసం కిందుగా పెదవి కొరుక్కునేవాడు. అది అనకుండా ఊహించేస్తే నాకు తెలిసిపోయేది, ఎందుకంటే ఊహించినప్పుడు ఆయన జవాబు వెంటనే వచ్చేది. అప్పటికి నేను చార్టు కాకుండా ఆయన ముఖం చూడడం నేర్చుకున్నాను. రెండో నెలలో ఎర్ర గడి పలచబడింది. మధ్యమధ్య విశ్రాంతి ఇచ్చినప్పుడు, "ఆ బుక్కులో ఏం కథ?" అని అడిగేవాడు. నేను పేజీలు తిప్పుతూ కథ చెప్పేదాన్ని. మూడు నవలలు చెప్పాను. ఒక మనిషికి అంతసేపు ఎదురుగా కూర్చుని మాట్లాడడం నాకు అదే మొదలు. ఒక నవల మధ్యలో ఆపి, "ఆ పిల్ల తప్పు చేసింది, అడిగుంటే సరిపోయేది గదా," అన్నాడు. నేను పేజీ తిప్పేశాను.

అయిదో నెల. పదిసార్లు పట్టుకుంటే ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పేవాడు. మిగిలిన రెండూ ఎర్ర గడిలోకి పోయేవి. వాటిలో తప్పు లేదు. ఆయన సంతకు పోతానన్నాడు. ఇంకా ఆగమన్నాను. "ఎంతకాలం?" అన్నాడు. "తెలియదండీ," అన్నాను. నిజంగానే తెలియదు. ఆ రెండు ఎప్పటికీ అట్లాగే ఉండిపోవచ్చు.

ఆయన పోయాడు. అది మా క్యాంపు రోజే. డ్రైవరు ముందుగానే కనుక్కుని, జీపును సంత పక్కన టీ బంకు దగ్గర ఆపాడు. అక్కడి నుంచి తాళ్లకు కట్టిన పశువులు, వాటి మధ్య మనుషులు కనిపిస్తున్నారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గంటకు పైగా నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఆయనా ఎవరినీ పిలవలేదు. నా టీ చల్లారిపోయింది.

అప్పుడు ఒక రైతు వచ్చాడు. ఎద్దును పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. డ్రైవరు నా చెవి దగ్గరికి వంగి, "ఆయనేమా. శాంతిపురమాయన. ఆవును పోగొట్టుకున్యాడే, ఆయనే," అన్నాడు.

ఎందుకు ఆయన దగ్గరికే వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. పోయినసారి తేడాను తన చేతినుంచి ఇచ్చినందుకు కావచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. నేనూ డ్రైవరుతో పాటు వాళ్ల వెనక నిలబడ్డాను.

తువ్వాలు కప్పాడు. రైతు చెయ్యి పెట్టాడు. మొదటి పట్టుకు ఆయన తల ఊపాడు. రెండో పట్టు. ఆయన ముఖం చూస్తున్నాను. కళ్లు సగం మూశాడు. మీసం కింద పెదవి కొరుక్కున్నాడు. నాకు తెలుసు. ఆయనకు తెలియలేదు. ఇప్పుడు ఊహిస్తాడు అనుకున్నాను. సగానికి సగం అవకాశం. ఎదుటివాడి ఊపిరి చూడొచ్చు, ఎద్దు పళ్లు చూసి ధర కట్టొచ్చు. ముప్పై ఏళ్ల విద్య.

"ఇంగోతూరి పట్టుకోప్పా," అన్నాడు.

మళ్లీ ఒకసారి పట్టుకోమని. పైకే అన్నాడు. సంతలో దళారి అనని మాట అది. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు నవ్వాడు. "ఏమన్నా, చెవుడొచ్చిందా చెయ్యికి?" అన్నాడు.

"వచ్చింది," అన్నాడు ఆయన, తువ్వాలు మీదనుంచి కళ్లెత్తకుండా. "రోంత గట్టిగా చెప్తే ఇనిపిస్తాది. నువ్వు నవ్వేది అయినంక చెప్పు, ఆయప్ప కాసుకోనుండాడు."

రైతు మళ్లీ పట్టుకున్నాడు. ఆయన కళ్లు తెరిచాడు. తల ఊపాడు. తువ్వాలుతో కొనేవాడి దగ్గరికి నడిచాడు, మళ్లీ రైతు దగ్గరికి, మళ్లీ అవతలికి. ఎంతసేపయిందో నాకు గుర్తులేదు. చివరికి తువ్వాలు తీసి ధర పైకి చెప్పాడు. రైతు ఎద్దు పగ్గాన్ని కొనేవాడి చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అక్కడ సరిపోయిందని చెప్పడం.

నా డైరీలో ఆ రోజు ఒకే వాక్యం ఉంది: 'ఇంకోసారి అన్నాడు.'

అంతా పూర్వంలా అయిపోయిందని రాస్తే నీకు అబద్ధం రాసినట్టు. చాలామంది ఆయన దగ్గరికి మళ్లీ రాలేదు. కొందరు వచ్చారు. వచ్చినవాళ్లు ఆయన రెండుసార్లు పట్టుకోమంటాడని తెలిసే వచ్చారు. ఆ వేళ్లు ఇప్పటికీ కొన్నిసార్లు తడబడతాయి. చలిలో మరీ. గుండీలు పెట్టుకోవడం నెమ్మది. వేడి గ్లాసు ఇప్పటికీ ఎడమచేత్తోనే.

నేను కుప్పం వచ్చేసే ముందు ఆఖరి మంగళవారం ఆయన వచ్చాడు. పరీక్షకు కాదు. కుర్చీలో కూర్చుని, బల్ల మీద తన తువ్వాలు పరిచి, "ఈ పొద్దు నీ చెయ్యి ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాను. తువ్వాలు కప్పి నా వేళ్లు పట్టుకున్నాడు. నేను తల దించుకుని ఉన్నాను. కంగారులో ఎన్ని వేళ్లు పట్టుకున్నాడో నాకు సరిగ్గా తెలియలేదు.

"ఎంత?" అన్నాడు.

మూడు అనబోయాను. నాలిక చివరి దాకా వచ్చింది. తల ఊపడం కూడా మొదలైంది. ఆపాను. తలెత్తి ఆయన ముఖం చూశాను.

"తెలియలేదండీ," అన్నాను. "ఇంకోసారి పట్టుకోండి."

ఆయన పట్టుకోలేదు. ఆ మాట కోసమే వచ్చినట్టు మీసం కింద నవ్వాడు. చెయ్యి తీసుకుని లేచి, తువ్వాలు అక్కడే వదిలేసి పోయాడు. దాన్ని మడిచి సొరుగులో పెట్టి వచ్చాను.

కాబట్టి, చెల్లీ, దాన్ని పారేయొద్దు. ఉతకొచ్చు. చార్టులో ఎర్ర గడి ఉంటుంది, అచ్చు వేసేవాళ్లు ప్రతిసారీ మరిచిపోతారు, నువ్వే స్కేలు పెట్టి గీసుకోవాలి. పేషెంటును కూర్చోబెట్టే ముందు గాజులు తీసెయ్యి. ఇది చదివాక ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చేసి మళ్లీ అడుగు. రెండోసారి అడిగినా విసుక్కోను.